పరదేశి తన కాళ్ళపై నిలబడునట్లు

అమెరికాలో చదువుకొనే మన పిల్లలకు అక్కడ ఒక మంచి పని నేర్చుకొనే అవకాశమున్నది. కొత్తగా ఆ దేశములో దిగిన శరణార్థులు స్థిరపడుటకు తోడ్పడే సంస్థలలో ఇంటర్న్‌షిప్, అంటే చదువుతోపాటు కొన్ని నెలలు పనిలో ఉండి శిక్షణ పొందుట. ఆ పని ఎలాంటిది? దానిని ఏ మనస్సుతో చేయాలి? ఈ దినము ఈ సంగతిని ఆలోచించుదాము.

మొదట, శరణార్థి అంటే ఎవరు? మంచి జీతము వెదుక్కుంటూ వెళ్ళినవాడు కాడు. జాతి, మతము, రాజకీయ అభిప్రాయము వంటి కారణములచేత హింసకు భయపడి స్వదేశము విడిచినవాడు. 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెప్పే అర్థము ఇదే. ఇల్లు విడిచి పారిపోవుట మన తెలుగువారికి తెలియని కష్టము కాదు. 1942లో జపాను సైన్యము బర్మా మీదికి వచ్చినప్పుడు, మరల 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వము వ్యాపారములను స్వాధీనము చేసుకొన్నప్పుడు, మనవారు ఎందరో మూటాముల్లెలతో తిరిగి వచ్చారు. మన పెద్దలు వారిని కాందిశీకులు అన్నారు. విశాఖపట్నములో బర్మా క్యాంపు అనే పేరు ఇంకా వినబడుతూనే ఉన్నది.

అమెరికాలో 1980లో శరణార్థుల చట్టము వచ్చింది. దాని ప్రకారము ప్రభుత్వము నిధులిస్తే, స్వచ్ఛంద సంస్థలు వచ్చినవారిని చేర్చుకొని స్థిరపరుస్తాయి. ఈ సేవలో ఉన్న వరల్డ్ రిలీఫ్, చర్చ్ వరల్డ్ సర్వీస్ వంటివి క్రైస్తవ సంఘముల నుండి పుట్టినవే. అయితే ఈ మొదటి సహాయమునకు గడువు 90 దినములు మాత్రమే. భాష రాని కుటుంబము మూడు నెలలలో నిలదొక్కుకోవాలి. పైగా విమానపు ఖర్చు కూడ వారికి అప్పుగానే ఇస్తారు. వడ్డీ లేకపోయినా, అసలు వాయిదాలలో తీర్చవలసినదే.

ఒక ఉదాహరణ చూడండి. భూటాను నుండి వెళ్ళగొట్టబడిన నేపాలీ భాషీయులు 1990ల ఆరంభము నుండి తూర్పు నేపాల్ శిబిరములలో వెదురు గుడిసెలలో జీవించారు. 2008 నుండి వారిలో లక్షమందికి పైగా ఇతర దేశములకు పంపబడ్డారు. అత్యధికులు చేరినది అమెరికాకే. శిబిరములో పుట్టి పెరిగిన యువకుడు ఒక్కసారిగా అట్లాంటా దగ్గర క్లార్క్‌స్టన్ వంటి పట్టణములో అపార్ట్‌మెంటు తలుపు తెరిచి నిలబడితే, అతనికి అన్నీ కొత్తే.

ఇంటర్న్ పని అక్కడే మొదలవుతుంది. కుటుంబము రాకముందే మంచములు, దుప్పట్లు, వంట సామాను సిద్ధపరచాలి. మొదటి రాత్రికి వారికి అలవాటైన వేడి భోజనము ఉంచాలి. విమానాశ్రయములో కలుసుకోవాలి. తరువాత సోషల్ సెక్యూరిటీ కార్డుకు దరఖాస్తు, పిల్లలను బడిలో చేర్చుట, వైద్య పరీక్షలు, ఇంగ్లీషు తరగతులు, ఉద్యోగపు వెదుకులాట. కరెంటు పొయ్యి వాడుక, ఆపదలో 911కు ఫోను చేయుట, బస్సు ఎక్కుట, ఉత్తరాల పెట్టెలో పడిన కాగితములలో ఏది ప్రకటనో, ఏది ప్రభుత్వ ఉత్తరమో గుర్తించుట కూడ నేర్పాలి.

ప్రియులారా, ఇక్కడే జాగ్రత్తపడాలి. ఇంగ్లీషు వచ్చినవాడు పది నిమిషములలో ఫారము నింపేస్తాడు, కారులో ఆసుపత్రికి దింపేస్తాడు. పని త్వరగా అయిపోతుంది. కాని 91వ దినమున ఆ తల్లి బిడ్డను ఆసుపత్రికి ఎలా తీసుకొని వెళ్ళుతుంది? కాబట్టి మంచి ఇంటర్న్ మొదటిసారి ఆమెతో కలిసి బస్సు ఎక్కుతాడు. రెండవసారి ఆమెను దారి చూపమని ప్రక్కన కూర్చుంటాడు. మూడవసారి ఆమె ఒంటరిగా వెళ్ళివస్తుంది. తన అవసరము లేకుండ చేయుటయే అతని పని.

రూతు గ్రంథము జ్ఞాపకము చేసుకొనండి. మోయాబు దేశపు విధవరాలు బేత్లెహేముకు వచ్చింది. బోయజు ఆమెకు భోజనము పెట్టాడు, నీళ్ళు త్రాగనిచ్చాడు. అంతటితో ఆగక, ఆమెను ఎవరూ అవమానింపకూడదని పనివారికి ఆజ్ఞాపించి, పరిగె దొరకునట్లు పనలలోనుండి కొన్ని వదలమన్నాడు. ఏరుకొన్నది ఆమె చేతులే. సాయంకాలము అత్తగారి యొద్దకు తన కష్టార్జితముతో వెళ్ళింది. ఆదరణ అంటే ఇది.

నిలబడలేకపోతే ఏమవుతుంది? భూటాను శరణార్థులలో 2009 నుండి 2012 ఆరంభము వరకు 16 మంది ఆత్మహత్య చేసుకొన్నట్లు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తెలిపింది. వారికున్న బాధలలో భాష రాకపోవుట, విడిచి వచ్చిన కుటుంబమును గూర్చిన చింత, తమ ఆచారములను నిలుపుకోలేకపోవుట ఉన్నాయి. కనుక ఫారములు నింపుట ఎంత అవసరమో, కూర్చుండి వారిచ్చిన టీ త్రాగి వారి మాట వినుట కూడ అంతే అవసరము. ఎవరైనా నిరాశగా మాట్లాడితే, దాచిపెట్టక వెంటనే పై అధికారికి తెలియజేయాలి.

మరి మూడు మాటలు. మొదటిది, డాక్టరు దగ్గర పిల్లలచేత అనువాదము చేయించకూడదు. తల్లి వ్యాధి సంగతి పదేళ్ళ బిడ్డ నోట పలికించుట ఇద్దరికీ భారము. అనువాదకుని అడగాలి. రెండవది, ప్రభుత్వ నిధులతో చేసే సహాయమునకు మత ప్రచారమును జతచేయకూడదు. భూటాను నుండి వచ్చినవారిలో ఎక్కువమంది హిందువులు. ఆకలితో ఉన్నవాని అవసరమును మన లాభమునకు వాడుకొనుట ప్రేమ కాదు. మూడవది, స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లలు జీతము లేని ఇంటర్న్‌షిప్ అయినా సరే, ముందుగా కళాశాల అధికారులను అడిగి తగిన అనుమతి పొందాలి.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము శరణార్థుల రాకను నిలిపివేసింది. 2025 ఆర్థిక సంవత్సరమునకు మొదట 1,25,000గా ఉన్న పరిమితి, 2026కు 7,500గా నిర్ణయించబడింది. సంస్థలు సిబ్బందిని తగ్గించుకొన్నాయి. అయినను, అంతకుముందు వచ్చిన కుటుంబములు అక్కడే ఉన్నాయి. వారికి ఇంగ్లీషు ఇంకా రావాలి, పిల్లల చదువు ఇంకా సాగాలి. వచ్చేవారు తగ్గినంత మాత్రాన వచ్చినవారి అవసరము తీరలేదు.

శ్రోతలారా, మీ పిల్లలు అక్కడ ఉంటే ఈ సంగతి వారికి చెప్పండి. ఇక్కడనే ఉన్నవారు, మీ వీధిలో ఒడిశా నుండో బీహారు నుండో పనికి వచ్చిన కుటుంబమును చూడండి. రేషను కార్డు, బడి, ఆసుపత్రి, వారికీ అన్నీ కొత్తే. ఒకసారి కూడ వెళ్ళి దారి చూపండి. రెండవసారి వారే వెళ్ళగలుగుతారు. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.