పేరు తెలియని బాణీని పట్టుకోవడం ఎలా?

సినిమా ప్రకటన చూస్తారు. వెనక ఏదో వాద్యసంగీతం మోగుతుంది. ప్రకటన అయిపోతుంది, బాణీ మాత్రం చెవిలో ఉండిపోతుంది. పాటైతే మాటలను పట్టుకుని వెదకవచ్చు. మాటలే లేని బాణీని ఏమని అడగాలి?

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను ఇదే అడిగింది. 'బార్బీ' సినిమాకు 2022 డిసెంబరులో వచ్చిన ప్రకటనలో విన్నదట. "పాడి వినిపించమ్మా" అన్నాను. పాడింది. శ్రుతి లేదని వెనక బెంచీలవాళ్ళు నవ్వారు. పాపం, ఆ పిల్ల తల వంచుకుని కూర్చుండిపోయింది. కాని మనకు కావలసిన ఆనవాలు ఆమె పాడినదానిలోనే ఉంది.

నల్లబల్ల మీద ఒక చుక్క పెట్టాను. అది మొదటి స్వరం. తరువాతి స్వరం అంతకంటె పైకి పోతే 'పై', దిగితే 'కింద', మళ్ళీ అదే వస్తే 'అదే' అని రాయాలి. ఆమె పాడినది చుక్క, పై, పై, పై, కింద. ఏ శ్రుతిలో పాడినా, గొంతు కాస్త అటూ ఇటూ అయినా ఈ వరుస మారదు. డెనిస్ పార్సన్స్ అనే ఆంగ్లేయుడు 1975లో వేల బాణీలను ఈ పద్ధతిలోనే పేర్చి ఒక పుస్తకం వేశాడు. స్వరలిపి రానివాళ్ళు కూడా అందులో వెదుక్కోవచ్చు.

అయితే నాలుగు అడుగులు చాలవు. ప్రతి అడుగుకూ మూడు దారులు కనుక 3×3×3×3 = 81 వరుసలే వస్తాయి. ఒక్కొక్క వరుసలో ఎన్నో బాణీలు ఇరుక్కుంటాయి. పదిహేను అడుగులు గుర్తుంటేనో? 1,43,48,907 వరుసలు! లెక్కవేసి చూడండి.

మాకు దొరికినవి నాలుగే. కనుక ఒక్కొక్క అడుగు ఎంత పెద్దదో చూడాలి. ప్రార్థనకు వాయించే హార్మోనియం తెప్పించి వెదికాం. సా, పా, పైస్థాయి సా! సా సెకనుకు 200 కంపనాలైతే పా 300, పైస్థాయి సా 400. తరువాతిది అంతర గాంధారం, 500. అన్నీ 100కు గుణిజాలే. మీటలు లేని బాకాను ఊదితే సహజంగా పలికే స్వరాలివి. (హార్మోనియం మీద పా 299.7 దాకానే ఉంటుంది. ఆ తేడా చెవికి అందదు లెండి.) చివర బాణీ సాధారణ గాంధారానికి, అంటే 480కి జారుతుంది. ఇది గుణిజం కాదు. ఒళ్ళు జలదరించేది అక్కడే.

ఇది జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ 1896లో రచించిన 'ఆల్జో ష్ప్రాఖ్ జరతుస్ట్రా' ప్రారంభం. జరతుష్ట్రుడు ఇలా పలికాడు అని అర్థం. సూర్యోదయాన్ని సూచించే ఆ మొదటి మూడు స్వరాలనూ ట్రంపెట్లు పలుకుతాయి. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రం దీన్ని లోకమంతటికీ వినిపించింది. బార్బీ ప్రకటన ఆ చిత్రానికి సరదా అనుకరణ.

"ఫోను చెప్పేస్తుంది కదండీ!" అన్నాడొకడు. నిజమే. 2002లో బ్రిటన్‌లో మొదలైన షాజామ్ పద్ధతి ధ్వనిలో బాగా బలంగా ఉన్న పౌనఃపున్యాలనూ, వాటి మధ్య కాలవ్యవధినీ గుర్తుపెట్టుకుని, దాచి ఉంచిన రికార్డింగులతో పోలుస్తుంది. అది గుర్తించేది ఆ రికార్డింగును. మన కూనిరాగం దానికి పనికిరాదు. కూనిరాగాన్ని పోల్చే సదుపాయం గూగుల్‌లో 2020లో వచ్చింది.

మేము ప్రకటననే ఫోనుకు వినిపించి జవాబు సరిచూసుకున్నాం. తరువాత వెనక బెంచీలవాళ్ళ చేత కూడా ఆ అయిదు స్వరాలూ పాడించాను. వాళ్ళ శ్రుతి సంగతి మాత్రం అడగకండి!