భాగం 7: తక్కువ ఖర్చుతో వైవిధ్యమైన భోజనం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఆహార ఖర్చు తగ్గించుకునేటప్పుడు దేన్ని తగ్గించకూడదో చెప్పగలుగుతారు.
- పది రూపాయలకు ఎంత మాంసకృత్తి వస్తుందో మీ ఊరి ధరలతో లెక్క కట్టగలుగుతారు.
- ఒకే రకం పప్పుతో, బియ్యంతో వారం రోజులూ వేర్వేరు వంటలు చేసుకోగలుగుతారు.

7.1 పరిచయం

దూరవిద్యలో చేరిన మీలో చాలామంది పగలు ఏదో ఒక పని చేస్తూ, ఆదివారం అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతులకు వెళ్తూ ఉంటారు. ఉద్యోగ పరీక్షల కోసం పట్నం వచ్చి, ముగ్గురు నలుగురు కలిసి గది అద్దెకు తీసుకున్నవారూ ఉంటారు. అద్దె, బస్ పాస్, పరీక్ష రుసుము తగ్గించుకునే ఖర్చులు కావు. తగ్గించుకోగలిగేది తిండి ఒక్కటే అనిపిస్తుంది. అందుకని నెల చివరి పది రోజులు అన్నం, ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చడి, మజ్జిగతో గడిచిపోతాయి. ఆవకాయ అన్నం రుచికి ఎవరూ వంక పెట్టరు. అయితే రోజూ అదే తింటే కడుపు నిండుతుంది గాని శరీరానికి కావలసినవి అందవు. మధ్యాహ్నం పుస్తకం తెరవగానే కునుకు రావడానికీ, చీటికీ మాటికీ నీరసం అనడానికీ ఇలాంటి భోజనం ఒక కారణం కావచ్చు.

చేతిలో డబ్బు తగ్గినప్పుడు మన పళ్ళెంలోంచి మొదట మాయమయ్యేది పప్పు. బియ్యం ఎలాగూ ఉంటుంది, పచ్చడి జాడీలో ఉంటుంది. పప్పు మాత్రం కొనాలి, ఉడకబెట్టాలి. ఈ భాగంలో మనం ముఖ్యంగా చర్చించేది దాని గురించే.

7.2 పప్పును ఎందుకు తగ్గించకూడదు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశంలో ఎవరికి ఏ పోషకం ఎంత కావాలో నిర్ణయిస్తుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. పాలిష్ పట్టిన బియ్యమే ప్రధాన ఆహారమైన చోట బి1 విటమిను లోపించి ఆ వ్యాధి వచ్చేది. అన్నం ఒక్కదానిపైనే ఆధారపడితే ఏమవుతుందనే ప్రశ్నతో పుట్టిన సంస్థ అది అనుకోవచ్చు.

2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు.

ఇప్పుడు మీ వీధి దుకాణం ధరలతో ఒక లెక్క కట్టండి. కిలో కందిపప్పు 160 రూపాయలు అనుకుందాం. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక కిలోకు 220 గ్రాములు, అంటే పది రూపాయలకు దాదాపు 14 గ్రాములు. గుడ్డు 7 రూపాయలు అనుకుంటే, ఒక్కో గుడ్డులో 6 గ్రాములు కాబట్టి పది రూపాయలకు 8 నుంచి 9 గ్రాములు. పాలు లీటరు 60 రూపాయలైతే పది రూపాయలకు 5 గ్రాములకు కొంచెం ఎక్కువ. మీల్ మేకర్ అని మనం పిలిచే సోయా ముక్కల్లో సగం బరువు మాంసకృత్తే. కిలో 150 రూపాయలకు దొరికితే పది రూపాయలకు 33 గ్రాములు వస్తాయి. ఈ ధరలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊళ్ళో ధరలు వేసుకుని మళ్ళీ లెక్కించండి.

ఇదే లెక్క బియ్యానికి కట్టిన విద్యార్థి ఆశ్చర్యపోతాడు. కిలో 50 రూపాయల బియ్యంలో సుమారు 75 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే పది రూపాయలకు 15 గ్రాములు, కందిపప్పు కన్నా ఎక్కువే! మరి పప్పు ఎందుకు? మాంసకృత్తులన్నీ ఒక్కటి కావు. అవి అమైనో ఆమ్లాల కూర్పు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో లైసిన్ పుష్కలంగా ఉంటుంది, కాని మిథియోనిన్ తక్కువ. అది బియ్యంలో ఉంటుంది. రెండూ కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. పప్పన్నం మన పెద్దలు రుచి కోసం కలిపి ఉండవచ్చు, లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది.

ధాన్యం, పప్పు, పాలు 3:1:2.5 నిష్పత్తిలో ఉంటే మాంసకృత్తుల నాణ్యత బాగుంటుందని పై సంస్థ చెబుతోంది. రోజుకు 300 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పప్పు, 250 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు తీసుకుంటే సుమారు 52 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. గుప్పెడు వేరుశనగపప్పు గాని ఒక గుడ్డు గాని చేరిస్తే లెక్క తేలికగా నిండుతుంది. శాకాహారులు పాలు, పెరుగును మాత్రం మానకూడదు. బి12 విటమిను పప్పుల్లో, కూరగాయల్లో దొరకదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
1. బియ్యం, పప్పు కలిపి తినడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
2. నిన్న మీరు తిన్న పప్పు బరువు సుమారు ఎన్ని గ్రాములు?

7.3 ఒకే పప్పు, వేర్వేరు రుచులు

"రోజూ పప్పేనా?" అనే విసుగు నిజమైనదే. విసుగు పుట్టిన రోజునే బయట తింటాం, ఆ ఒక్కపూటకు మూడు రోజుల సరుకుల డబ్బు పోతుంది. కాబట్టి వైవిధ్యాన్ని విలాసం అనుకోకండి. పొదుపు నిలబడాలంటే అది కావలసిందే. మంచి విషయం ఏమిటంటే, తెలుగు వంటలో వైవిధ్యం కొత్త సరుకులు కొనడం వల్ల వచ్చేది కాదు. పులుపు మారుతుంది, పోపు మారుతుంది, పలచదనం మారుతుంది.

ఉదయం నలుగురికి సరిపడా కందిపప్పు ఒకేసారి ఉడకబెట్టండి. సగంలో టమాటా వేస్తే టమాటా పప్పు. మిగతా సగాన్ని సాయంత్రం చింతపండు రసం, ఉల్లిపాయ, ఇంగువ పోపుతో పలచగా కాస్తే పప్పుచారు. మర్నాడు పులుపు కోసం గోంగూర, ఆ మర్నాడు చుక్కకూర, ఎండాకాలంలో మామిడికాయ, మరో రోజు దోసకాయ. పులుపు వద్దనుకుంటే తోటకూర, పాలకూర, మెంతికూర. ఏమీ లేని రోజు ముద్దపప్పు, పక్కన పచ్చి పులుసు. తెలంగాణ ఇళ్ళలో పచ్చి పులుసుకు పొయ్యి దాదాపు అక్కరలేదు: చింతపండు పిసికి, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, ఉప్పు వేసి చిన్న పోపు పెడితే చాలు. అయితే పచ్చి పులుసులో మాంసకృత్తులు ఉండవు, అందుకే పప్పు పక్కన ఉండాలి అంటున్నాం.

పప్పు ఉడకబెట్టే ఓపిక లేని రోజులు వస్తాయి, పరీక్షల ముందు మరీనూ. అలాంటి రోజులకు కందిపొడి, పుట్నాలపొడి సీసాల్లో ఉంచుకోవాలి. పుట్నాలు ముందే వేయించినవి కాబట్టి ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పుతో దంచితే సరిపోతుంది. వేడి అన్నంలో రెండు చెంచాల పొడి, ఒక చెంచా నూనె, తరువాత పెరుగన్నం. ఇది ఆవకాయ అన్నం అంత సులువు, పైగా పప్పు లోపలికి వెళ్ళింది. కర్నూలు, అనంతపురం వైపు ఉగ్గాని చేసేదీ ఇలాగే: బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ పోపులో తిప్పి, పైన పుట్నాలపొడి చల్లుతారు. పది నిమిషాల పని.

పెసలు ఇంకో దారి. రాత్రి నానబెడితే పొద్దున పెసరట్టు, మినపట్టులా పులియబెట్టే పని లేదు. మిక్సీ లేని గదిలో పెసలను తడి గుడ్డలో మూటకట్టి మొలకెత్తించండి. మొలకల్లో సి విటమిను కొత్తగా పుడుతుంది. శనగలైతే ఉడకబెట్టి గుగ్గిళ్ళు. మీల్ మేకర్‌ను వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండాకే కూరలో వేయాలి, లేకపోతే దాని వాసన నచ్చక మళ్ళీ ముట్టరు.

ఆకుకూరల్లోని ఇనుము శరీరానికి పట్టాలంటే సి విటమిను తోడు కావాలి. పొయ్యి దించిన తరువాత నిమ్మరసం పిండండి. మరిగించితే సి విటమిను నశిస్తుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే ఒక గంట ఆగండి, టీలోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. ముఖ్యంగా మహిళా విద్యార్థులు ఈ విషయం గమనించాలి.

7.4 ఇంధనం, వృథా

పప్పును అరగంట నానబెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె పెడితే ఒకే మంటతో రెండూ ఉడుకుతాయి. కుక్కర్ లోపల నీరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది; ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించినా ఆ వేడి నిలుస్తుంది. ఇండక్షన్ పొయ్యి వాడేవారికి లెక్క సులభం: 1500 వాట్ల మీద 40 నిమిషాలు వాడితే ఒక యూనిట్. అన్నం గంజి వార్చే అలవాటు ఉంటే ఆ గంజిలో బి విటమిన్లు పోతాయి, కాబట్టి సరిపడా నీళ్ళు పోసి ఇగిరించడమే మేలు.

మిగిలిన అన్నం విషయంలో జాగ్రత్త అవసరం. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు వంట వేడికి చావవు. అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, తిరిగి వేడిచేసినా అది పోదు. ఫ్రిజ్ లేని గదిలో రాత్రి అన్నాన్ని పొద్దున పోపు అన్నం చేసుకుందామని అలాగే వదిలేయకండి. పొద్దుటికి కావాలంటే అన్నం వండిన వెంటనే చింతపండు పులుసు కలిపి పులిహోర చేయండి. ప్రయాణాల్లో పులిహోర పాడుకాకుండా ఉండడానికి కారణం ఆ పులుపే.

బీరకాయ తొక్కు, కాలీఫ్లవర్ కాడలు చెత్తబుట్టలో వేయకండి. బీరతొక్కు పచ్చడి ఒక పూట గడుపుతుంది. కూరగాయలు రైతుబజారులో, అదీ సాయంత్రం మూసే వేళకు, కొంత చౌకగా దొరుకుతాయి. అయితే ఆకుకూర ఉదయం కొన్నదే మేలు.

అభ్యాసకృత్యం

మీ గదిలో ఉన్నవారితో కలిసి వారం రోజుల వంటల పట్టిక రాయండి. ప్రతిరోజూ ఒక్కొక్కరికి 100 గ్రాముల పప్పు (లేదా దానికి సమానమైన మాంసకృత్తి) ఉండాలి, ఏ రెండు రోజులూ ఒకే పులుపు వాడకూడదు. ఒక్కో పూటకు ఒక్కొక్కరికి ఎంత ఖర్చవుతుందో పక్కన వేయండి. గత నెలలో బయట తిన్న పూటల ఖర్చుతో పోల్చి, పట్టికను మీ తరువాతి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.