అగస్త్యకూట యాత్ర

భారతీయ సంస్కృతిలో పర్వతానికి విశిష్టమైన స్థానం ఉన్నది. నదులకు పుట్టినిల్లు పర్వతం, ఓషధులకు నిలయం పర్వతం, తపస్సుకు అనువైన తావు పర్వతం. అందువల్లనే మన పూర్వులు కొండను రాళ్ల గుట్టగా కాక దైవస్వరూపంగా భావించారు. ఉత్తరాన హిమాలయానికి ఎంతటి ప్రశస్తి ఉన్నదో, దక్షిణాన మలయపర్వతానికి అంతటి ప్రశస్తి ఉన్నది. ఆ మలయపర్వత పంక్తిలో, పశ్చిమ కనుమల దక్షిణాగ్రాన, కేరళ తమిళనాడు రాష్ట్రాల సరిహద్దుపై సుమారు 1,868 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్న శిఖరమే అగస్త్యకూటం. మలయాళీలు దీనిని అగస్త్యార్‌కూడం అని, తమిళులు పొదిగై అని వ్యవహరిస్తారు. ఏటా చలికాలం చివర కొద్ది వారాల పాటు మాత్రమే యాత్రికులకు ఈ కొండ ఎక్కే అవకాశం లభిస్తుంది.

అగస్త్యుడు – దక్షిణాపథం

అగస్త్యుని పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. పసిబిడ్డకు పాలు పట్టిన తల్లి, పొట్ట మీద చేయి వేసి నిమురుతూ వాతాపి జీర్ణం కావాలని పలుకుతుంది. వాతాపి అనే రాక్షసుని ఆరగించి జీర్ణం చేసుకొన్న మహర్షి అగస్త్యుడు. తనకంటూ పేరు లేక, పేరున్న వాని నీడలో బ్రతికే వానిని ‘అగస్త్యభ్రాత’ అని పరిహసించడం కూడ మనకు అలవాటే. వర్షాలు వెనుకబడిన తరువాత ఆకాశంలో దక్షిణ దిక్కున ఉదయించే ప్రకాశవంతమైన నక్షత్రానికి అగస్త్యుని పేరే పెట్టారు. ఆ నక్షత్రోదయంతో బురదనీరు తేటపడుతుందని కవిసమయం.

వింధ్యపర్వత గర్వభంగ కథ మహాభారత అరణ్యపర్వంలో ఉన్నది. సూర్యుని మార్గానికి అడ్డంగా వింధ్యుడు పెరిగిపోగా దేవతలు అగస్త్యుని ఆశ్రయించారు. మహర్షి దక్షిణానికి బయలుదేరి, తాను తిరిగి వచ్చేవరకు పెరగవద్దని వింధ్యుని ఆదేశించాడు. ఆయన తిరిగి వెళ్లలేదు, వింధ్యుడు తిరిగి పెరగలేదు. ఈ కథను నన్నయ తన అరణ్యపర్వ రచనలో తెలుగు చేశాడు. శ్రీనాథుని కాశీఖండానికి కూడ ఈ వృత్తాంతమే ఆరంభం. లోకహితం కోసం ప్రాణప్రదమైన కాశిని విడిచి, లోపాముద్రతో కలసి దక్షిణానికి తరలివచ్చిన అగస్త్యుని వేదన ఆ కావ్యంలో కనిపిస్తుంది.

వాల్మీకి రామాయణ కిష్కింధాకాండలో, సీతాన్వేషణకు దక్షిణానికి వెళ్లే వానరులకు సుగ్రీవుడు దారి చెబుతాడు. మలయపర్వతాగ్రాన సూర్యతేజస్సుతో ఆసీనుడైన అగస్త్యుని దర్శించండనీ, ఆయన అనుమతితో తామ్రపర్ణీ నదిని దాటండనీ ఆ ఉపదేశంలోని భావం. ఆ తామ్రపర్ణి నేటికీ ఈ కొండలలోనే పుడుతున్నది. తమిళులకు అగస్త్యుడు తొలి వ్యాకరణకర్త, సిద్ధవైద్యానికి ఆద్యుడు. తెలుగు ప్రబంధాలలో వసంత వర్ణన వచ్చినప్పుడల్లా చందనపు వాసనతో వీచే మలయమారుతం కూడ ఈ దిక్కునుండి బయలుదేరినదే.

మూడు దినాల నడక

యాత్ర తిరువనంతపురం జిల్లాలోని బోనకాడ్ వద్ద ప్రారంభమవుతుంది. రాజధాని నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, తేయాకు తోటలకు పేరొందిన కొండవాలుపై ఈ గ్రామం ఉన్నది. సాధారణంగా జనవరి మధ్యనుండి కొద్ది వారాలపాటు అటవీశాఖ యాత్రికులను అనుమతిస్తుంది. రోజుకు ఇంతమంది అని పరిమితి ఉంటుంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పదునాలుగేళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదు. ప్లాస్టిక్ వస్తువులు, మత్తు పదార్థాలు నిషిద్ధం. పూజాద్రవ్యాలను కూడ వెంట తీసుకొనిపోరాదు. దైవదర్శనానికి వెళ్లేవారు పూజాద్రవ్యాలు విడిచి వెళ్లాలనడం మొదట వింతగా తోచవచ్చు. కాని వందలమంది వెలిగించే కర్పూరం, వదలివేసే కవర్లు, సీసాలు అడవికి ఎంత చేటు చేస్తాయో ఆలోచిస్తే నియమంలోని ఔచిత్యం బోధపడుతుంది.

యాత్రికులు ఒంటరిగా నడవరు. చిన్న చిన్న బృందాలుగా, మార్గదర్శకుల వెంట సాగుతారు. ఈ మార్గదర్శకులలో అధికులు ఆ అడవిలోనే పుట్టి పెరిగిన కాణి తెగవారు. ఏనుగు నడచిన జాడను, పాము ఉండే పొదను, త్రాగదగిన నీటిని వారు చూపుతోనే గుర్తించగలరు. బృందంలో నడక మందగించినవాడు ఉంటే తక్కినవారు ఆగవలసిందే. వేగంగా నడిచేవాని బలం కంటె నెమ్మదిగా నడిచేవాని ఓర్పును బట్టి బృందం సాగుతుంది. సమూహ యాత్రలో మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

మొదటి దినం నడక దీర్ఘమైనది. సతతహరితారణ్యం గుండా, కరమన వంటి ఏరులను దాటుకొంటూ దారి సాగుతుంది. పట్టపగలే సంధ్యవేళను తలపించే చీకటి, ఆకుల మీదినుండి జారే చెమ్మ, కాళ్లకు పట్టే జలగలు, ఎక్కడో వినిపించే సింహవాలపు కోతుల అరుపు – ఇవి ఆ దారి పరిచయాలు. అడవి దాటగానే గడ్డిమైదానాలు వస్తాయి. నీడ ఉండదు. ఆ తరువాత ముట్టిడిచ్చాన్ తేరి అనే నిట్టనిలువు ఎక్కుడు ఎదురవుతుంది. ‘ముట్టు’ అంటే మోకాలు. మోకాళ్లకు తగిలేటంత నిటారైన దారి కనుక దానికి ఆ పేరు. సాయంకాలానికి అతిరుమల అనే విడిదికి చేరుకొంటారు. అక్కడ వేడి గంజి త్రాగి, నేలపై చాపలు పరచుకొని విశ్రమిస్తారు. ఉద్యోగి, కూలీ, విద్యార్థి, అధ్యాపకుడు అనే భేదం ఆ చాపల మీద ఉండదు.

రెండవ దినం శిఖరారోహణం. అతిరుమల నుండి శిఖరానికి సుమారు ఆరు కిలోమీటర్లు. సన్నని వెదురు పొదలు దాటిన తరువాత పొంగాలప్పార అనే విశాలమైన బండ వస్తుంది. మలయాళంలో ‘పార’ అంటే బండరాయి. అక్కడి నుండి చెట్లు పొట్టివై, గాలి తాకిడికి వంకరలు తిరిగి కనిపిస్తాయి. చివరి భాగంలో నున్నని రాతిపై త్రాళ్లు పట్టుకొని ఎగబ్రాకాలి. ఒకరు పైకి చేరేవరకు మరొకరు క్రింద వేచి ఉండాలి. శిఖరంపై అగస్త్యమహర్షి శిలావిగ్రహం ఉన్నది. ఒకవైపు కేరళ, మరొకవైపు తమిళనాడు కనిపిస్తాయి. మబ్బు కమ్మితే ప్రక్కనున్న మనిషి కూడ కనిపించడు. చీకటి పడకముందే తిరిగి అతిరుమల చేరుకోవాలి కనుక అక్కడ ఎక్కువసేపు నిలువరు. మూడవ దినం బోనకాడ్‌కు తిరుగు ప్రయాణం.

ఈ శిఖరం భక్తులనే కాక శాస్త్రజ్ఞులను కూడ ఆకర్షించింది. తిరువనంతపురం వేధశాలకు అధిపతిగా ఉన్న జాన్ అలెన్ బ్రౌన్ 1850వ దశకంలో ఈ కొండపై ఒక పరిశీలనా కేంద్రాన్ని నెలకొల్పి, వాతావరణ, అయస్కాంత మార్పులను నమోదు చేయించాడు. మోటారు వాహనాలు లేని ఆ రోజులలో పరికరాలను మనుషులే మోసుకొనిపోవలసి వచ్చింది.

ఓషధుల కొండ

అరేబియా సముద్రం నుండి వచ్చే నైరుతి ఋతుపవన మేఘాలను ఈ కొండలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాల వానలు కూడ ఇక్కడ కురుస్తాయి. దట్టమైన అడవి, గడ్డినేలలు ఆ నీటిని పీల్చుకొని కొద్దికొద్దిగా విడుస్తాయి. అందువల్లనే పడమటికి నెయ్యార్, తూర్పుకు తామ్రపర్ణి ప్రవహించి లక్షలాది ప్రజలకు త్రాగునీరు, సాగునీరు అందిస్తున్నాయి. అడవిని నరికితే వాన ఆగకపోవచ్చు గాని, ఆ నీటిని నిలిపే చోటు ఉండదు.

2001లో ఈ ప్రాంతాన్ని అగస్త్యమల జీవావరణ పరిరక్షణ మండలంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం రెండు రాష్ట్రాలలో కలిపి సుమారు 3,500 చదరపు కిలోమీటర్లు. 2016లో యునెస్కో దీనిని ప్రపంచ జీవావరణ మండలాల జాబితాలో చేర్చింది. ఇక్కడ రెండువేలకు పైగా ఉన్నతజాతి మొక్కలు ఉన్నాయి. వాటిలో సుమారు 400 ఈ ప్రాంతానికే పరిమితమైనవి.

వాటిలో ఒక చిన్న మొక్క ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1987లో ఆచార్య పి. పుష్పాంగదన్ నాయకత్వంలో ఒక శాస్త్రజ్ఞుల బృందం ఈ కొండలలో పర్యటించింది. నడచి నడచి శాస్త్రజ్ఞులు అలసిపోయారు. దారి చూపుతున్న కాణి యువకులు మాత్రం అలసట ఎరుగకుండా, ఏవో చిన్న కాయలు నములుతూ సాగుతున్నారు. వారు ఇచ్చిన కాయలు తిన్న శాస్త్రజ్ఞులకు కొత్త శక్తి కలిగింది. ఆ మొక్క ఏదో చెప్పడానికి యువకులు మొదట అంగీకరించలేదు. అది తమ తెగ రహస్యమన్నారు. నచ్చజెప్పిన మీదట చూపించారు. దాని పేరు ఆరోగ్యపచ్చ. తెలుగువారికి వివరించి చెప్పనక్కర లేని పేరు అది.

తిరువనంతపురం సమీపంలోని పాలోడ్ ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనా సంస్థ ఆ మొక్కపై పరిశోధించి ‘జీవని’ అనే ఔషధాన్ని రూపొందించింది. 1990వ దశకం మధ్యలో ఒక ఆయుర్వేద ఔషధ సంస్థకు ఏడేళ్లపాటు తయారీ హక్కు ఇచ్చింది. పది లక్షల రూపాయల రుసుము, అమ్మకాలపై రెండు శాతం రాయల్టీ నిర్ణయమయ్యాయి. అందులో సగం కాణి తెగవారికి చెందాలని పరిశోధనా సంస్థ నిశ్చయించింది. ఆ సొమ్ము స్వీకరించడానికి 1997లో కాణి సంక్షేమ ట్రస్టు ఏర్పడింది. ఆదివాసుల జ్ఞానానికి ప్రతిఫలం చెల్లించిన తొలి ఉదాహరణలలో ఒకటిగా దీనిని ప్రపంచమంతటా ప్రస్తావిస్తారు.

అయితే కథ అంతటితో ముగియలేదు. కాణి తెగలో మందులు తెలిసినవారిని ప్లాత్తి అంటారు. తరతరాలుగా వచ్చిన రహస్యాన్ని కొద్దిమంది యువకులు చెబితే అది తెగ అంతటి సమ్మతి ఎట్లా అవుతుందని కొందరు ప్లాత్తిలు అభ్యంతరం తెలిపారు. గిరాకీ పెరగగానే అడవిలోని మొక్కలను పెరికివేస్తారన్న భయంతో అటవీశాఖ సేకరణకు అడ్డు చెప్పింది. జ్ఞానం ఎవరిది, దానిని పంచే హక్కు ఎవరికి ఉన్నది, ఫలం ఎవరికి దక్కాలి అనే ప్రశ్నలు ఆ చిన్న కాయ నుండి పుట్టాయి. ఆ తరువాత 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ఇటువంటి ప్రశ్నలకే సమాధానం వెదకింది.

నమ్మకం – హక్కు

చాలాకాలం వరకు ఈ శిఖరయాత్రకు స్త్రీలను అనుమతించేవారు కారు. దారి కఠినమైనదని, రక్షణ కష్టమని అధికారులు చెప్పేవారు. కాణి తెగవారి నమ్మకం ప్రకారం అగస్త్యుడు బ్రహ్మచారి. ఆయన తపోభూమిలో స్త్రీలు అడుగు పెట్టరాదని వారి ఆచారం. కొన్ని మహిళా సంఘాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 2018 నవంబరులో కేరళ హైకోర్టు స్త్రీపురుష భేదంతో యాత్రను నిరాకరించరాదని తీర్పు చెప్పింది. 2019 జనవరిలో కె. ధన్యా సనల్ శిఖరాన్ని చేరుకొన్నది. తీర్పు తరువాత ఆ శిఖరాన్ని అధిరోహించిన తొలి మహిళ ఆమె. బోనకాడ్ వద్ద కాణి తెగవారు నిరసన తెలిపారు. అయితే ఆమె దారికి అడ్డు నిలువలేదు. తమ పాటలు పాడి, తమ బాధను శాంతియుతంగా వెల్లడించారు.

గ్రంథాలలోని అగస్త్యుడు గృహస్థు. ఆయన ధర్మపత్ని లోపాముద్ర ఋగ్వేదంలో ఋషికగా ప్రసిద్ధి చెందినది. కాణి వారి అగస్త్యుడు బ్రహ్మచారి. గ్రంథం చదివినవాడు అడవిలోని వాని నమ్మకాన్ని అజ్ఞానమని త్రోసివేయడం సులభం. కాని ఆ కొండను గ్రంథం కాపాడలేదు, వారు కాపాడారు. అట్లని ఒక ఆచారం పేరిట సగం మానవజాతికి కొండదారి మూసివేయడం కూడ న్యాయం కాదు. సమానత్వమూ గౌరవింపదగినదే, ఆదివాసుల భక్తీ గౌరవింపదగినదే. తీర్పు దారిని తెరిచింది. ఆ దారిలో నడిచేవారు, స్త్రీలైనా పురుషులైనా, తాము ఇతరుల ఇంటి ముంగిట నడుస్తున్నామన్న ఎరుకతో నడవడం సంస్కారం.

తెలుగునాట కూడ శివరాత్రికి, ఉగాదికి నల్లమల అడవుల గుండా కాలినడకన శ్రీశైలం చేరే భక్తులు వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడ చెంచులు, ఇక్కడ కాణి వారు. అక్కడ కృష్ణ, ఇక్కడ తామ్రపర్ణి. ఎక్కడైనా అడవి ఒక్కటే, దానికి జరిగే హాని ఒక్కటే. పూర్వం వింధ్యపర్వతం మహర్షి ముందు తల వంచింది. నేడు ముట్టిడిచ్చాన్ తేరి వద్ద, శిఖరం క్రింది నున్నని రాతి వద్ద, ఎంతటివాడైనా నడుము వంచక తప్పదు. ఆ వంగడం కాళ్ల అలసటతోనే ముగిసిపోక మనస్సులో వినయంగా నిలిచిననాడే అగస్త్యకూట యాత్ర సార్థకమవుతుంది.