నాలుగు పెన్సిల్ సెల్లుల గేమ్ బాయ్

1989 ఏప్రిల్ 21న జపాన్ దుకాణాల్లోకి వచ్చిన నింటెండో గేమ్ బాయ్ ధర 12,500 యెన్లు. తెరకు రంగులు లేవు, వెనక నుంచి వెలుగు లేదు, ఉన్నదల్లా పచ్చటి నేపథ్యం మీద నాలుగు ఛాయలు. ఖర్చుకు వెనకాడి మాత్రమే ఇలా చేశారనుకుంటే పొరపాటు. దాన్ని రూపొందించిన గున్‌పెయ్ యొకోయి బృందం కోరి ఎంచుకున్న దారి అది. అప్పటికే వాడుకలో నలిగి చవకైన సాంకేతికతను కొత్త పనికి మళ్లించాలన్నది యొకోయి సూత్రం.

బుల్లెట్ రైలులో ఒక ప్రయాణికుడు ఊసుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతుంటే చూసి, జేబులో పట్టే ఆటల ఆలోచన చేశారట ఆయన. అలా 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ పుట్టింది. ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ గుర్తు మీట కూడా ఆ వరుసలో 1982లో వచ్చిన ‘డాంకీ కాంగ్’దే.

గేమ్ బాయ్ తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. మెమరీ 8 కిలోబైట్లు. ‘టెట్రిస్’ ఆట మొత్తం 32 కిలోబైట్లలో ఇమిడిపోయింది. పొద్దున్నే ఫోన్‌కు వచ్చే శుభోదయం బొమ్మ మామూలుగా అంతకంటే పెద్దదే!

1989లోనే వచ్చిన అటారి లింక్స్‌కు రంగులూ ఉన్నాయి, వెలుగూ ఉంది. కానీ ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే నాలుగైదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో 15 గంటల దాకా ఆడేది. సెల్లుల కోసం ఇంట్లో డబ్బులు అడగాల్సిన పిల్లలకు ఈ లెక్క ముందు ఏ రంగులూ నిలవవు. గేమ్ బాయ్ గెలిచింది ఇక్కడే.

స్విచ్ వేయగానే నింటెండో పేరు పైనుంచి మెల్లగా దిగి, టింగుమని మోగేది. అది అలంకారం కాదు, కాపలా. ఆట ఉండే క్యాట్రిడ్జ్‌లోని నింటెండో గుర్తును యంత్రం తన దగ్గరున్న దానితో పోల్చి చూసుకుని, తేడా ఉంటే ఆట మొదలుపెట్టేది కాదు. క్యాట్రిడ్జ్ పెట్టకపోతే పేరుకు బదులు నల్లటి పట్టీ దిగేది. క్యాట్రిడ్జ్ పైమూలన చిన్న గాడి కూడా ఉత్తినే లేదు. స్విచ్ జరపగానే ఒక కొక్కెం అందులోకి దూరి, ఆట మధ్యలో దాన్ని పీకడానికి వీల్లేకుండా పట్టుకునేది.

రెండు గేమ్ బాయ్‌లను కలిపే తీగ ఉండేది. ఆ తీగలో పురుగులు పాకుతూ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వెళ్తున్నట్టు ఊహించుకున్నారు, చిన్నప్పుడు పురుగులు పట్టే అలవాటున్న ఆటల రూపకర్త సతోషి తజిరి. ఆ ఊహే 1996లో ‘పోకెమాన్’ అయింది. ఆ ఆటలో కొన్ని జీవులు ఎరుపు క్యాట్రిడ్జ్‌లోనే దొరికేవి, కొన్ని ఆకుపచ్చ దాంట్లోనే. అన్నీ కావాలంటే స్నేహితుడితో మార్చుకోవాల్సిందే.

మన ఇళ్లలో తరాలుగా ఉన్న సింగర్ కంపెనీ కూడా గేమ్ బాయ్‌కు తగిలించే ‘ఐజెక్’ అనే కుట్టుమిషను తెచ్చింది. తెర మీద కుట్టు ఎంచుకుంటే సూది అలాగే కుట్టేది.

1993లో రష్యా వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ ఒక గేమ్ బాయ్‌ను మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లారు. గల్ఫ్ యుద్ధంలో కాలి, పైతొడుగు కరిగిపోయిన మరో గేమ్ బాయ్ టెట్రిస్ ఆడుతూ న్యూయార్క్ నింటెండో దుకాణంలో ఏళ్లపాటు కనిపించింది.

మీ అటక మీద గేమ్ బాయ్ గానీ, 1990లలో ఎగ్జిబిషన్‌లో కొన్న బ్రిక్ గేమ్ గానీ ఉంటే, ఇవాళే దించి పాత సెల్లులు తీసేయండి. అవి కారితే లోపలి లోహపు రేకులు తుప్పు పట్టిపోతాయి.