తిరిగి వచ్చు దిగులు – బౌద్ధుల స్మృతిసాధన

ఒక యిల్లాలు నెలల తరబడి దిగులుచే కుంగి, మందు పుచ్చుకొని కోలుకొన్నదనుకొందము. ఏడాది తిరుగకమునుపే ఆ దిగులు మరల వచ్చును. ఇరుగుపొరుగువారు పనిదొంగతనమందురు. కాదు, అది విషాదవ్యాధి. తిరుగబెట్టుట దాని స్వభావము.

దీని నాపుటెట్లని కెనడా, బ్రిటన్ దేశములలో జిండెల్ సెగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ అను మువ్వురు మనశ్శాస్త్రజ్ఞులు విచారించిరి. కోలుకొన్న మనిషికి కొంచెము విచారము కలిగినను, "నేనెందుకును కొఱగాను" అను పాత తలంపు మేల్కొనును. ఆమె దానిని నమ్మి, దానితో వాదించుచు, దానినే త్రవ్వుకొనుచు కూర్చుండును. ఆ త్రవ్వుటయే వ్యాధిని మరల పిలుచుచున్నదని వారు తలంచిరి.

ఉపాయము వారికి బౌద్ధమున దొరకెను. పాళీభాషలోని సతిపట్ఠాన సూత్రము ఊపిరిని, దేహమును, చిత్తమును ఉన్నది యున్నట్లు గమనించుటను బోధించును. 1979వ సంవత్సరమున అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలయందు జాన్ కబాట్-జిన్ ఈ సాధనను మతముతో ముడిపెట్టక, మానని నొప్పులు గలవారికి నేర్పనారంభించెను. అది ఎనిమిది వారముల శిక్షణ. ఈ మువ్వురును దానినే విషాదవ్యాధికి అనువుగా మలచిరి. బౌద్ధులకు స్మృతి అష్టాంగమార్గములో నొక్క అంగము మాత్రమే. వైద్యులు ఎరువు తెచ్చుకొన్నది ఆ యొక్కటియే సుమా!

మొదటి పాఠము వినిన మీకు నవ్వు వచ్చును. అరచేతిలో నొక యెండుద్రాక్ష నుంచుదురు. దానిని పుట్టి యెఱుగనట్లు చూచి, ముడుతలు తడవి, వాసన చూచి, నెమ్మదిగా నమలవలెను. పాయసములో గుప్పెడు వేసియు దాని రుచి నెన్నడును గమనింపని మనకిది వింతయే. ఇంతలో మనస్సు పొయ్యిమీది పాలకో, పాలవాని బాకీకో పరుగెత్తును. పరుగెత్తినదని గుర్తించి, తన్ను తాను తిట్టుకొనక, మరల తెచ్చుకొనవలెను. ఈ గుర్తించుటయే అసలు సాధన. ద్రాక్షతో నేర్చినది తరువాత ఊపిరితోను, ఆపైన దిగులు తలంపుతోను అభ్యసింతురు. కొఱగానను మాట సత్యము కాదు, వచ్చిపోవు తలంపొకటి యని అప్పుడామెకు తోచును.

145 మందిపై జరిపిన పరీక్షను 2000వ సంవత్సరమున ప్రకటించిరి. మూడుసార్లు గాని అంతకు మించి గాని వ్యాధి పడినవారిలో, మామూలు చికిత్సతో నున్నవారికి 60 వారములలో నూటికి 66 మందికి తిరుగబెట్టెను; ఈ శిక్షణ కూడ పొందినవారికి సుమారు 40 మందికి. రెండుసార్లే పడినవారికి మేలు కనబడలేదు. ఆ సంగతిని దాచక చెప్పుట నాకు మిక్కిలి నచ్చినది.

ఒక్క మాట. ఆ పరీక్షలో చేరినవారందరును కోలుకొన్న పిమ్మట నేర్చుకొన్నవారే. మంచము పట్టి, అన్నము సహింపని దినములలో ఆమెను కన్నులు మూసికొని కూర్చుండుమని నిర్బంధింపరాదు. అప్పుడు వైద్యుని పిలువవలెను. మందు మానుట కూడ వైద్యుడు చెప్పినప్పుడే.