పౌరసేవలు - పలుకుబడి

జూబిలీహిల్స్, ఫిలింనగరు ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. మదరాసునుండి ఆ పరిశ్రమ తరలివచ్చినపుడు దానితోపాటు కోస్తాజిల్లాల పలుకుబడియు వచ్చినది. హైదరాబాదు తెలుగు, ఉర్దూ నగరమున ముందే కలవు. ఇట్టి చోట ఇంగ్లీషు అంతగా రానివారికి స్థానికపాలనాసేవలు ఎట్లు అందవలెనో మేమిచట విచారింతుము.

1966 నాటి అధికారభాషాశాసనము పాలనలో తెలుగునకు స్థానము కల్పించినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన అధికారభాషాసంఘము ఏర్పడినది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటను ఉర్దూ ద్వితీయాధికారభాష యైనది. శాసనబలము కలదు. మిగిలిన చిక్కు పదముల యెన్నికలోనిది.

ఇల్లు కొన్నవాడు పన్నులెక్కలో తన పేరెక్కించుకొనుటను 'మ్యుటేషన్' అందురు. తెలుగులిపిలో వ్రాసినంతమాత్రమున అది తెలియదు. 'నామాంతరణము' అన్నను సామాన్యునికి ఫలము లేదు. 'ఇంటిపన్నులో పేరుమార్పు' అన్నచో పని యేదో తోచును.

ప్రాంతభేదమును గూడ గణింపవలెను. కోస్తావారి 'కొళాయి' ఇచట 'నల్లా'. వారి 'మురుగుకాలువ' ఇచట 'మోరీ'. నీటికిని మురుగునకును సంబంధించిన జలమండలి దరఖాస్తులలో ఈ జంటపదములను ప్రక్కప్రక్కన ఉంచుట మేలు. ఉర్దూ ప్రతియు అట్లే సిద్ధముగా నుండవలెను.

ఇది కేవలము పదచర్చ కాదు. పన్ను తాకీదులోని ఆక్షేపణగడువు అర్థము కానిచో, గడువుతోపాటు పౌరుని హక్కును జారిపోవును. కావున ప్రతి పత్రమును అచ్చువేయుటకు ముందు ఆ పేటవారిచే చదివించి, చదువురానివారికి వినిపించి, తాము చేయవలసిన పని యేదో వారిచేతనే చెప్పించి చూడవలెనని మా యభిప్రాయము.