ఉబ్బసపు బిడ్డలకు పీల్చు మందు

ప్రత్తి యేరు దినములలో దుమ్మునకు బిడ్డ యాయాసపడుట వరంగల్లు రైతు లెఱుంగనిది కాదు. వైద్యుడు పీల్చు స్టెరాయిడు నియ్యగా, ఎదుగుదల చెడునని కొందఱు తలిదండ్రులు నడుమనే మాన్పించుచున్నారు. ఈ భయము కేవలము వట్టిది కాదు. అమెరికా, కెనడాలలో 1,041 మంది పిల్లలతో నారంభించిన పరిశోధనలో, నాలుగేండ్లకు పైగా బుడెసొనైడు పీల్చినవారు, పోలికకై మందులేని గొట్టము పీల్చినవారికంటె, పెద్దవారైన పిమ్మట సగటున 1.2 సెంటీమీటరులు, అనగా దాదాపు అరయంగుళము, పొట్టిగా నుండిరని 2012లో ప్రకటించిరి. ఆ తరుగు తొలి రెండేండ్లలోనిదే, పిదప హెచ్చలేదు. అరయంగుళమునకు వెఱచి మందు మాన్పినచో, అదుపు తప్పిన యుబ్బస మొక్క రాత్రిలో ప్రాణమునే హరింపవచ్చును.

మేము కోరున దిది: మీయంతట మీరు మందు మాన్పకుడు, పీల్చిన వెంటనే బిడ్డచే నోరు పుక్కిలింపజేయుడు, ఆఱునెలల కొకమాఱు గుమ్మమున బిడ్డ యెత్తు గీచి వైద్యునకు దెల్పుడు. ఉబ్బసము లొంగినచో మోతాదు నతడే తగ్గించును.